వాల్డెన్ లెక్కలో చాకలిపద్దు

పొదుపును గూర్చిన గ్రంథములు రెండు తెఱగులు. కొన్ని ఉపదేశించును, కొన్ని లెక్క చూపును. ఉపదేశించువాని మాటను మెచ్చుకొని పుస్తకము మూసివేయవచ్చును. లెక్క చూపినవాని పద్దులను మాత్రము మరల కూడి, సరియో కాదో తేల్చుకొనవలసి యుండును. అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1854లో ప్రకటించిన 'వాల్డెన్' ఈ రెండవ తెఱగు గ్రంథములలో మిక్కిలి ప్రసిద్ధమైనది. నిరాడంబర జీవనమును కోరువారును, తమ వస్తువులను తామే చేసికొనవలెనని ఉత్సాహపడువారును నేటికిని దానిని ప్రమాణముగా పేర్కొనుచున్నారు. ప్రమాణమని పేర్కొనబడు గ్రంథమును భక్తితో చదివిన చాలదు, పద్దుపద్దుగా చదువవలెను. మేమిచ్చట చేయబూనినది అంతమాత్రమే.

కథ అందఱెఱిగినదే. 1845 మార్చి నెలాఖరున థోరో ఒక గొడ్డలి ఎరవు తెచ్చుకొని, మసాచుసెట్సు రాష్ట్రమున కాన్‌కార్డు ఊరికి చేరువనున్న వాల్డెన్ చెఱువు గట్టున పైను చెట్లు కొట్ట మొదలిడెను. నేల ఆయన మిత్రుడు ఎమర్సనుది. పదునైదడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల యొక గది అచ్చట లేచెను. జూలై 4వ తేదీన ఆయన అందు ప్రవేశించి, రెండేండ్ల రెండు నెలలు నివసించెను. పొగగూడును చలికాలమునకు ముందుగా తానే కట్టుకొనెను. గోడలకు గచ్చు తానే పూసెను. నేలను చెఱువునీటితోను తెల్లని యిసుకతోను తానే తోమి కడిగెను.

ఈ గదికైన ఖర్చును ఆయన గ్రంథములో పద్దువారీగా చూపినాడు. పలకలకు 8 డాలర్ల 3½ సెంట్లు. పాత ఇటుకలు వేయింటికి 4 డాలర్లు. అద్దములతో కూడిన పాత కిటికీలు రెంటికి 2 డాలర్ల 43 సెంట్లు. మేకులకు 3 డాలర్ల 90 సెంట్లు. సుద్దముక్కకు 1 సెంటు. సున్నపు పీపాలు రెంటికి 2 డాలర్ల 40 సెంట్లు వ్రాసి, ధర ఎక్కువైనదని ప్రక్కన గుఱుతు పెట్టినాడు. గచ్చులో కలుపుటకు కొన్న వెండ్రుకలు అవసరమునకు మించినవనియు ఒప్పుకొన్నాడు. మొత్తము 28 డాలర్ల 12½ సెంట్లు. ఆ దినములలో హార్వర్డు కళాశాల విద్యార్థి ఇంచుమించు ఇంతే గదికి ఏడాదికి 30 డాలర్లు అద్దె చెల్లించుచుండెనని ఆయనయే చెప్పుచున్నాడు. ఒక యేటి అద్దెకన్న తక్కువ సొమ్ముతో బ్రతుకంతయు నుండదగిన గూడు ఏర్పడెనన్నమాట.

మన తెలుగువారు విసుగు పుట్టించు పట్టికను చాకలిపద్దని పరిహసింతురు. థోరో పట్టిక అట్టిది కాదు. సుద్దముక్కకైన సెంటును విడువని లెక్కను చూచినప్పుడు పాఠకునకు రచయితయందు విశ్వాసము కుదురును. ఉపదేశమునకు బలము ఆ పట్టికనుండియే వచ్చుచున్నది. ఆ బలముతోనే ఆయన మోజులపై దాడి వెడలినాడు. తాను కోరిన తీరున దుస్తు కుట్టుమని యడుగగా, కుట్టుపని చేయు నామె ఇప్పుడెవరును అట్లు కుట్టించుకొనుట లేదని గంభీరముగా చెప్పినదట. ఆ 'ఎవరు' ఎవరు, వారికిని నాకును గల బంధుత్వమేమి, నా యొంటిమీది బట్టపై వారికింత యధికార మెట్లు వచ్చినది అని ఆయన ఆలోచనలో పడినాడు. మన బట్టల దుకాణములలో "ఇప్పుడది నడవడం లేదండీ" అను మాట విని, చేత పట్టిన చీరను మరల క్రింద పెట్టిన ప్రతి గృహిణియు ఈ ఘట్టమును చదువవలెను. మోకాలివద్ద అతుకు పడిన దుస్తును ధరించి నలుగురిలోనికి వెళ్లగలవా యని తన పరిచితులను ఆయన పరీక్షించెడివాడు. వారిలో పెక్కురు కాలు విఱిగిన నోర్తురు గాని అతుకు నోర్వరని తేలినది. ఈ భాగములు నూటడెబ్బది యేండ్ల పిమ్మటను వాడలేదు.

ఇంతవఱకు మాకు గ్రంథకర్తతో వైరుధ్యము లేదు. ఇక రెండు పద్దులవద్ద మేము ఆగవలసి వచ్చుచున్నది.

మొదటిది పలకల పద్దు. ఆ పలకలలో పెక్కు భాగము క్రొత్తవి కావు. ఫిచ్‌బర్గు రైలుమార్గపు పనిలోనున్న జేమ్సు కాలిన్సు అను ఐరిషు కూలివాని గుడిసెను థోరో 4 డాలర్ల 25 సెంట్లకు కొని, దానిని విప్పి, పలకలను ఎండలో ఆరబెట్టి తెచ్చుకొన్నాడు. మఱునాటి యుదయము ఆరు గంటలకు ఆ కుటుంబము గుడిసె విడిచి దారిలో నుండెను. ఒక్క మూటలో వారి పడక, అద్దము, కాఫీ మర, కోళ్లు, సమస్తమును ఇమిడినవి. పిల్లి మాత్రము అడవిపాలై, తుదకొక బోనులో కాలు పెట్టి చచ్చినదని గ్రంథకర్త చెప్పుచున్నాడు. పిల్లి యేమైనదో మనకు తెలిసినది. కాలిన్సు దంపతులును వారి బిడ్డయు ఏ కప్పు క్రిందికి చేరిరో తెలియలేదు. చవుకగా దొరకిన వస్తువు ఎందుచేత చవుకయైనది అను ప్రశ్న పొదుపును గూర్చిన గ్రంథమున తప్పక యుండవలసినది. ఒకని మితవ్యయమునకు మఱియొకని లేమి మూలధనమైనప్పుడు, ఆ సంగతిని హాస్యముతో దాటివేయుట తగదు.

రెండవది ఇంతకంటె ముఖ్యము. ఇల్లు, సేద్యము, ఎనిమిది నెలల తిండి, బట్ట, దీపపు నూనె అన్నియు కలిపి 61 డాలర్ల 99¾ సెంట్లు ఖర్చయినదని ఆయన తేల్చినాడు. ఆ మొత్తమునకు ముందు ఒక చిన్న వాక్యభాగము గలదు. బట్టలుదుకుటయు చినుగులు కుట్టుటయు ఇందు చేరలేదు. అవి చాలవఱకు ఇంటి వెలుపల జరిగినవి. వాని బిల్లులింకను రాలేదు. ఇది దాని సారాంశము. ఆయన దాచలేదు, కాని కూడను లేదు. కాన్‌కార్డు ఊరిలో ఆయన తల్లిదండ్రుల ఇల్లు గలదు. ఆ బట్టలు ఎవరి చేతులు ఉదికినవో గ్రంథము చెప్పదు. సుద్దముక్కకు చోటు దొరకిన పట్టికలో ఉదుకు చేతులకు చోటు దొరకలేదు. రాని బిల్లు లేని ఖర్చు కాదు. ఎవరో మోసిన ఖర్చది.

ఇది ఒక అవివాహితుని వెలితి యని కొందఱు తేలికగా తీసివేయుదురు. మాకట్లు తోచదు. స్వహస్తముతో చేసికొనుట అను గుణమును మనము పొగడు తీరునందే ఈ వెలితి యున్నది. మన ఇండ్లను చూడుడు. ఇంటి యజమాని సెలవునాడొక పీట చేసినయెడల వచ్చినవారందఱికి దానిని చూపును. తలుపు బందు బిగించినయెడల రూపాయలు మిగిల్చితినని చెప్పుకొనును. అందు తప్పులేదు; అట్టి పనులు ఇంకను పెరుగవలెను. కాని ఆ యింటనే పాతచీరలు బొంతలగుచున్నవి. బియ్యపు కడుగు పెరటి మొక్కలకు పోవుచున్నది. వేసవి యెండలో వడియములును అప్పడములును ఎండుచున్నవి. పెద్దవాని చొక్కా చిన్నవానికి తగినట్లు మారుచున్నది. తరతరములుగా మన స్త్రీలు నడపిన ఈ విద్యకు స్వావలంబనమను పేరు పెట్టినవారు లేరు. ఒకే పని పురుషుడు చేసిన వ్రతమును, స్త్రీ చేసిన చాకిరియు నగుచున్నది. ఇంటి వెలుపలను ఇదే తీరు. పూర్వము మన గ్రామములలో చాకలికిని మంగలికిని పంటకాలమున కళ్లములో మేర కొలుచుట ఆచారము. కొలత రైతు చేతిలోనిది. ఏడాది పొడుగునను చేసిన పనికి లెక్క వ్రాసినవారు అరుదు.

థోరో విడిచిన ఈ పద్దుతోనే మొదలుపెట్టిన గ్రంథకర్త మఱియొకరు గలరు. 1925 మొదలు 1929 వఱకు 'నవజీవన్' పత్రికలో గుజరాతీ భాషయందు వెలువడిన గాంధీగారి ఆత్మకథలో నిరాడంబర జీవనమును గూర్చిన యొక ప్రకరణము గలదు. దక్షిణాఫ్రికాలో బారిస్టరుగా నున్న కాలమున చాకలి ఖర్చు అధికమగుటయు, బట్టలు వేళకు రాకుండుటయు చూచి ఆయన ఉదుకు సామగ్రి కొని, ఆ విద్యను గూర్చిన పుస్తకము చదివి, తాను నేర్చి, భార్యకును నేర్పెను. మొదట ఉదికిన కాలరునకు గంజి మితిమీఱినది. మాడునను భయముచేత ఇస్త్రీ గట్టిగా ఒత్తలేదు. న్యాయస్థానమున గంజి రాలుచుండగా తోటి బారిస్టర్లు నవ్విరి. ఆయన ఆ నవ్వును లక్ష్యపెట్టలేదు. 1912లో గోఖలేగారు దక్షిణాఫ్రికాకు వచ్చినప్పుడు, రానడేగారు వారికి బహూకరించిన ఉత్తరీయమును ఇస్త్రీ చేయు నంతటి నేర్పు గాంధీగారికి అలవడెను.

క్షౌరపు కథయు నిట్టిదే. ప్రిటోరియాలో తెల్ల మంగలి యొకడు తన్ను తిరస్కరింపగా, గాంధీగారు కత్తెర కొని అద్దము ముందు నిలిచి తన జుట్టు తానే కత్తిరించుకొనెను. వెనుకభాగము చెడినది, ఎలుకలు కొఱికినవా యని మిత్రులు పరిహసించిరి. ఇచ్చట ఆయన వ్రాసిన మాట గమనింపదగినది. ఆ మంగలి నేరమేమియు లేదు. నల్లవానికి క్షౌరము చేసినచో వాని బేరము పోవును. మనదేశమున అస్పృశ్యులకు మన మంగలులు క్షౌరము చేయుటకు మనము ఒప్పుకొనుచున్నామా యని ఆయన తన్ను తాను ప్రశ్నించుకొన్నాడు. జుట్టు కత్తిరించుకొనుట యను చిన్న యింటిపని ఒక సమాజపు తప్పును బయటపెట్టినది. పొదుపు సంస్కారమగుట ఇట్లే.

అయినను గాంధీగారి లెక్కయు తొలుత సరిపడలేదు. 1898లో దర్బానులోని వారి యింట గదులకు నీరుపోవు దారి లేకుండుటచే మూత్రపాత్రలుంచెడివారు. వానిని దంపతులే ఎత్తి శుభ్రపఱచుచుండిరి. పంచమ కుటుంబమున పుట్టిన క్రైస్తవ గుమాస్తా పాత్రను కస్తూరిబాయి కన్నీళ్లతో మోసికొని పోవుచుండగా, సంతోషముతో చేయవలసినదేయని భర్త గద్దించి, కలహము ముదిరి, ఆమెను చేయి పట్టి వాకిటి వఱకు ఈడ్చెను. పరదేశమున నేనెక్కడికి పోదునని ఆమె నిలదీయగా ఆయన సిగ్గుపడి తలుపు మూసెను. ఉద్దేశము గొప్పది, అంటరానితనమును ఇంటిలోనుండి తుడిచివేయుట. కాని ఆ గొప్పదనము ఒక స్త్రీ మోచేతిని పట్టి లాగినది. ఈ వృత్తాంతమును దాచక గ్రంథస్థము చేయుటయే ఆ ఆత్మకథకు గల గౌరవము. థోరో యొక వాక్యభాగముతో దాటిన చోట గాంధీగారు ఒక ప్రకరణము వ్రాసినారు.

రెండు గ్రంథములను తూచినయెడల, వాక్యసౌష్ఠవమునను, ప్రకృతి వర్ణనమునను, మోజులను గేలిచేయు పదునునను 'వాల్డెన్' మిన్న యని మేము నిస్సంశయముగా చెప్పుదుము. ఇంటిని నడపువానికి దారి చూపుటలో ఆత్మకథ మిన్న. ఒంటరివాడు తన కోరికలను తగ్గించుకొన్నచో ఆ తగ్గింపు తనమీదనే పడును. గృహస్థుడు ఇంటి కోరికలను తగ్గించినచో దాని భారము ఎవరిమీద పడునో చూచుకొనవలెను. పనిమనిషిని మానిపించి నెలకింత మిగిల్చితినని సంతోషించు గృహస్థుడు, ఆ గిన్నెలు ఇప్పుడెవరు తోముచున్నారో చెప్పగలిగినప్పుడే ఆ సంతోషమునకు అర్హుడు.

నేడు ఈ విచారము మఱింత అవసరము. నిరాడంబరతయే యొక మోజై అంగళ్లలో అమ్ముడుపోవుచున్నది. పాతదివలె కనబడు క్రొత్త బల్లకు క్రొత్త బల్లకన్న ఎక్కువ వెల. ఇంట చేసికొనుటకని పెట్టెలలో సిద్ధముగా అమర్చిన సామగ్రి ఒకసారి వినోదమై, పిమ్మట అటకెక్కుచున్నది. కుట్టుపని చేయు నామె చెప్పిన ఆ 'ఎవరు' పక్షము మార్చి, నిన్న ఆడంబరము చేయుమన్నట్లే నేడు నిరాడంబరముగా నుండుమని ఆజ్ఞాపించుచున్నారు. ఆజ్ఞ మారినది, లొంగుబాటు మారలేదు.

కావున మా పాఠకులకు మేము విన్నవించుకొనునది ఇది. 'వాల్డెన్' చదువుడు, దాని పట్టికను మీ యింటి లెక్కపుస్తకములో అనుకరింపుడు. పీట చేసినను, గోడకు సున్నము వేసినను, బొంత కుట్టినను ఖర్చు వ్రాయుడు. అయితే సొమ్ము వరుస ప్రక్కన ఇంకొక రెండు వరుసలు గీయుడు: ఎన్ని గడియలు పట్టినవి, ఎవరి చేతులు పనిచేసినవి. వస్తువు చవుకగా వచ్చినయెడల ఎందుచేత చవుకయో అదియు వ్రాయుడు. నెలాఖరున ఆ వరుసలలో ఒకే పేరు మాటిమాటికి కనబడినచో, ఆ యింట పొదుపు ఇంకను మొదలు కాలేదు. భారము చేయి మారినదంతే. ఆ పేర్లు ఇంటిలోనివారందఱివి అయిననాడు, థోరో లెక్క మనయింట పూర్తి యగును.