అయిదు సెంట్ల కష్టం

న్యూయార్క్‌లో కోలా డబ్బా కొన్నా, బీరు సీసా కొన్నా ధరతో పాటు అయిదు సెంట్ల డిపాజిట్ కట్టాలి. ఖాళీది తెచ్చిస్తే ఆ అయిదు సెంట్లూ వెనక్కి వస్తాయి. తెచ్చిచ్చే ఓపిక అందరికీ ఉండదు. అలా వదిలేసిన చిల్లరను ఏరుకుని బతికేవాళ్లను అక్కడ క్యానర్లు అంటారు.

వాళ్ల కోసం బ్రూక్లిన్‌లోని బుష్‌విక్‌లో 'ష్యూర్ వీ కెన్' అనే కేంద్రం నడుస్తోంది. స్పెయిన్ నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసిని ఆనా మార్టినెజ్ డి లూకో, స్వయంగా క్యానరైన యూజీన్ గాడ్స్‌డెన్ 2007లో దాన్ని మొదలుపెట్టారు. లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవాళ్లు, చైనా నుంచి వచ్చిన పెద్దవయసువాళ్లు, నల్లజాతివాళ్లు అక్కడ పక్కపక్కన నిలబడి సంచులు విప్పుతారు.

అసలు పనితనం అక్కడే కనిపిస్తుంది. అల్యూమినియం, ప్లాస్టిక్, గాజు దేనికదే. అందులోనూ కోకాకోలా వేరు, పెప్సీ వేరు, బీర్లు వేరు. ఏ కంపెనీ సరుకు ఆ కంపెనీయే వెనక్కి తీసుకుంటుంది మరి! వైన్ సీసాకు డిపాజిట్ లేదు, పండ్లరసం సీసాకూ లేదు. నీళ్ల సీసాకు 2009లో వచ్చింది. ఇదంతా చేతులకు తెలుసు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు, చెల్లనిదాన్ని చటుక్కున పక్కకు తీసేస్తాయి. అడుగున మిగిలిన సోడా మోచేతుల దాకా కారుతున్నా ఆ చేతులు ఆగవు.

దీన్ని చెత్త ఏరుకోవడం అనడం అన్యాయం. ఇది నేర్చుకుంటే తప్ప రాని పని.

కూలి మాత్రం పెరగలేదు. డిపాజిట్ చట్టం అమల్లోకి వచ్చిన 1983లో అయిదు సెంట్లే, ఇప్పుడూ అయిదు సెంట్లే. అప్పుడు అమెరికాలో కనీస వేతనం గంటకు 3.35 డాలర్లు, అంటే 67 డబ్బాల విలువ. 2025లో న్యూయార్క్ నగరంలో అది 16.50 డాలర్లు. అంత రావాలంటే 330 డబ్బాలు కావాలి. పైగా దుకాణంలో ఒక మనిషి దగ్గర రోజుకు 240కి మించి తీసుకోనక్కర్లేదని నిబంధన. ఎవరూ అడగని డిపాజిట్లలో 80 శాతం రాష్ట్ర ఖజానాకే పోతుంది. పక్కనున్న కనెక్టికట్ 2024లో డిపాజిట్‌ను పది సెంట్లు చేసింది. న్యూయార్క్ కూడా చేసి తీరాలి.

క్వీన్స్‌లోనో బ్రూక్లిన్‌లోనో ఉంటున్న తెలుగువారికి ఒక మనవి. విందు అయ్యాక డబ్బాలను నలిపేయకండి, నలిగితే ఖాళీ డబ్బాలు తీసుకునే యంత్రం వాటిని తీసుకోదు. అన్నీ ఒక సంచిలో విడిగా పెట్టి, మీ వీధికి వచ్చే క్యానర్ చేతికి ఇవ్వండి.