ముసలితనపు కంటిజబ్బుకు విటమిన్ మాత్రలు: ఖర్చుకు తగిన ఫలమేనా?

తిరుపతి, చిత్తూరు పట్టణాల మందుల అంగళ్లలో కంటిచూపుకు మంచివనే పేరుతో విటమిన్ మాత్రలు దొరుకుతున్నవి. ఈ మాత్రల వెనుక నిజమైన శాస్త్రపరిశోధన లేకపోలేదు. కాని ఆ పరిశోధన చెప్పినది ఒకటి, జనంలో పాకిన నమ్మకం మరొకటి. ఈ తేడాకు మూల్యం చెల్లించేది చూపు మందగించిన వృద్ధుల కుటుంబాలు.

కంటి లోపల వెనుకభాగాన వెలుతురును గ్రహించే పలుచని పొర నేత్రపటలం. దాని నడుమ మాక్యులా అనే పచ్చచుక్క ఉన్నది. అక్షరాలు చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి, సూదిలో దారం ఎక్కించడానికి ఇదే ఆధారం. వయసు మళ్లిన కొందరిలో దీని అడుగున డ్రూసెన్ అనే పసుపుపచ్చని మచ్చలు పేరుకొంటవి. జబ్బు ముదిరితే చూపు నడిమి భాగం పోతుంది. శుక్లం ఇందుకు వేరు. అది కంటి కటకానికి వచ్చేది. శస్త్రచికిత్సతో చాలమందికి చూపు తిరిగి వస్తుంది. పచ్చచుక్క క్షీణించి పోయిన చూపును ఏ విటమిన్ మాత్రా తిరిగి తేలేదు.

అమెరికా జాతీయ నేత్రసంస్థ 2001లో ‘ఏరెడ్స్’ అనే పెద్ద పరిశోధన ఫలితాలను ప్రకటించింది. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింకు, రాగి కలిపిన మాత్రలను అందులో పరీక్షించారు. జబ్బు మధ్యమ దశకు చేరినవారిలోను, ఒక కన్ను అప్పటికే దెబ్బతిన్నవారిలోను, ఉత్తుత్తి మాత్రలు మింగినవారు ఐదేండ్లలో నూటికి 28 మంది ముదిరిన దశకు చేరగా, అసలు మాత్రలు మింగినవారు 20 మంది చేరారు. అపాయం సుమారు నాలుగోవంతు తగ్గిందని చెప్పేది ఈ లెక్కనే. నిజంగా తప్పించుకొన్నవారు నూటికి 8 మంది. చిన్న మచ్చలు మాత్రమే ఉన్నవారిలో ముదిరిన దశకు చేరేవారే నూటికి ఒకరిద్దరు. వారికి మాత్రల వల్ల మేలు రుజువు కాలేదు. శుక్లం విషయంలోను ఫలితం కనబడలేదు.

మాత్రల ఖర్చు రోజుకు 10 రూపాయలు అనుకొంటే ఒక్కరికి ఐదేండ్లకు 18,250 రూపాయలు, నూరుమందికి 18,25,000. ఎనిమిదిమందిని కాపాడితే, ఒక్కరిని కాపాడటానికి సుమారు 2,28,000 రూపాయలు పడినట్లు. చూపు విలువ తెలిసినవారు దీనిని దుబారా అనరు. ఒక కన్ను పోయినవానికి రెండవ కన్ను నిలుపుకొనడం కంటె గొప్ప లాభం ఏమున్నది? కాని అవే మాత్రలను శుక్లం ఉన్నవానికి, కేవలం కళ్లద్దాలు కావలసినవానికి అంటగడితే ఖర్చు మిగులుతుంది, ఫలం సున్న. 2024లో 4,000 రూపాయలకు పెరిగిన నెలవారీ వృద్ధాప్య పింఛనులో 300 రూపాయలు చిన్న మొత్తం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1996–2000 మధ్య హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో జరిగిన నేత్రవ్యాధుల సర్వేలో అంధత్వానికి 44 శాతం కారణం శుక్లమేనని తేలింది. నలభై దాటినవారిలో పచ్చచుక్క క్షీణత ఉన్నవారు నూటికి ఇద్దరికి లోపే. రాయలసీమ ఆ సర్వేలో లేదు. అయినా మసకచూపు అనగానే మాత్రలు కొనడం ఎంత తొందరపాటో ఈ అంకెలు సూచిస్తున్నవి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఏరెడ్స్‌లో పాల్గొన్నవారు తిండికి లోటులేని అమెరికనులు; పోషణ తక్కువైన మనవారికి మాత్రలు మరింత పనిచేయవా? దక్షిణభారతంలో పుదుచ్చేరి ప్రాంతపు వృద్ధులలో దాదాపు 46 శాతం మందికి విటమిన్ సి లోపం ఉన్నట్లు 2011లో వెల్లడైనది గనుక ప్రశ్న న్యాయమైనదే. అయితే మదురై ప్రాంతపు పల్లెలలో 798 మందికి ఐదేండ్లు విటమిన్లు ఇచ్చి చూసిన పరిశోధన 2006లో వెలువడినది. శుక్లం పెరుగుదల ఆగలేదు. పచ్చచుక్కకు మేలు జరుగునేమో ఆ పరిశోధన చెప్పదు. కాని ఊహ రుజువు కాజాలదని మాత్రం చెప్పుతున్నది.

పొగత్రాగేవారికి మరొక హెచ్చరిక. ఫిన్లండులో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిగిన పరిశోధన 1994లో వెలువడింది. బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు పెరిగినట్లు అందులో తేలింది. అందుచేత 2013 నాటి రెండవ ఏరెడ్స్ పరిశోధన తరువాత దాని స్థానంలో ల్యూటిన్, జియాజాంథిన్ సూచింపబడినవి. ఈ ల్యూటిన్‌ను పరిశ్రమలలో తీసేది బంతిపూల నుండియే. పాలకూర వంటి ముదురుపచ్చని ఆకుకూరలలోను అది సమృద్ధిగా ఉన్నది. ఆకుకూర మాత్రకు సమానమని ఏ పరిశోధనా నిరూపించలేదు. అయినా అది పోషణకు మంచిది, పర్సుకు తేలిక. పైన చెప్పిన ఆంధ్ర సర్వేలో ఎక్కువగా చుట్ట త్రాగేవారిలో పచ్చచుక్క క్షీణత హెచ్చుగా కనబడింది. చుట్ట మానడానికి ఖర్చు లేదు సరిగదా, డబ్బు మిగులుతుంది.

కాబట్టి మాత్రలను నిందించడం గాని, నెత్తికెత్తుకొనడం గాని తగదు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి నేత్రపటలాన్ని పరీక్షించిన తరువాతనే అవి ఎవరికి అవసరమో తేలుతుంది. తిరుపతిలో అరవింద కంటి ఆసుపత్రి వంటి సంస్థలు ఉన్నవి. మొదటి రూపాయి పరీక్షకు, రెండవది అవసరమైతే మాత్రకు పెట్టడమే వివేకం.