పాట, బాట, మాట: ‘రంగస్థలం’లో వినికిడి

ఈ విమర్శ చదివే ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు బయటికి రాకుండా ‘పాట’, ‘బాట’, ‘మాట’ అనే పదాలను తమకు తోచిన వరుసలో పలకమనండి. పెదవులు చూసి ఏది ఏ పదమో చెప్పడానికి ప్రయత్నించండి. ఊహించడం తప్ప మరో దారి ఉండదు. ప, బ, మ మూడూ పెదవులు కలిపి పలికే ఓష్ఠ్యాలు. వాటి తేడా చెవికి తెలుస్తుంది, కంటికి తెలియదు. ఈ అనుభవాన్ని మనసులో ఉంచుకొని, సుకుమార్ దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘రంగస్థలం’ సినిమాను పరిశీలిద్దాం.

పాత్ర చిత్రణలోని బలం

కథ 1980ల నాటి పల్లెలో జరుగుతుంది. రామ్ చరణ్ పోషించిన చిట్టిబాబుకు వినికిడి తక్కువ. మోటారుతో పొలాలకు నీళ్లు పెట్టి బతుకుతాడు. అతనికి ‘సౌండ్ ఇంజనీర్’ అని పేరు. ఎదుటివారి మాటలను అందించడానికి పక్కన ఒక సహాయకుడు ఉంటాడు.

దీనిని కె. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986)తో పోల్చి చూడండి. అందులో సుహాసిని పోషించిన సుభాషిణి మాట్లాడలేదు, కానీ వినగలదు. ఆమె మౌనాన్ని దర్శకుడు చిత్రకళతో, సంగీతంతో కలిపి ఒక సౌందర్యంగా మలిచాడు. చిట్టిబాబు లోపం అలాంటి అలంకారం కాదు, రోజూ పడే ఇబ్బంది. అయినా అతను జాలి కోసం నిలబడడు. ప్రేమిస్తాడు, పోట్లాడతాడు, పొరపాట్లు చేస్తాడు. ఇది నిజమైన ముందడుగు. శబ్ద మిశ్రమానికి ఈ చిత్రం జాతీయ పురస్కారం కూడా పొందింది. వినికిడి తక్కువైన నాయకుడి కథ శబ్దం విషయంలోనే గుర్తింపు పొందడం గమనించదగ్గది.

పరిమితి ఎక్కడ?

చిట్టిబాబు అనర్గళంగా మాట్లాడతాడు. వినికిడి తక్కువైనవాడికి ఆ మాటలు ఎలా వచ్చాయి? ఎవరు నేర్పారు? సినిమా దీనిని ప్రశ్నగానే తీసుకోలేదు. లోపం కథ మొదలయ్యేసరికే స్థిరపడిన గుణం. అందులోంచి చాలా హాస్యం పుడుతుంది. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అనే మన సామెత ధోరణి కూడా ఇదే.

‘చెవిటి-మూగ’ అని మనం జంటగా వాడే మాట వెనుక ఒక అపోహ ఉంది. పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో చాలామందికి గొంతులో ఏ లోపమూ ఉండదు. వినని మాటను పలకలేరు, అంతే. కాబట్టి మాట రాకపోవడం చాలాసార్లు విధి కాదు, ఆలస్యం.

ఆ ఆలస్యం ఎలా జరుగుతుందో ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఊహించండి. రెండేళ్ల బిడ్డ పిలిస్తే తిరగదు. ‘వాళ్ల మేనమామకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే’ అంటుంది నాయనమ్మ. తల్లి మిరపకోతలకు పోవాలి. ఆసుపత్రి వచ్చే నెలకు వాయిదా పడుతుంది. కానీ భాషకు కీలకం మొదటి మూడేళ్లే. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సహాయం అన్నది నిపుణులు చెప్పే లెక్క.

చెవి మిషను గాని, కాక్లియర్ ఇంప్లాంట్ గాని శబ్దాన్ని అందిస్తుంది, అర్థాన్ని అందించదు. ఆ పని ఇంట్లో జరగాలి. ‘ఆ, ఈ, ఊ, మ్, స్, ష్’ అనే ఆరు ధ్వనులను పెదవులు కనబడకుండా పలికి, బిడ్డ వింటున్నదో లేదో రోజూ చూసుకోవచ్చు. అన్నం కలుపుతూ, నీళ్లు పోస్తూ అదే మాటను పదే పదే వినిపించాలి.

ఒక ఆక్షేపణ, సమాధానం

‘సినిమా ఆరోగ్య పాఠం కాదు కదా, పైగా ఆ కాలంలో ఈ వసతులెక్కడివి?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే వినికిడి లోపాల కోసం అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ బొంబాయిలో మొదలైంది 1983లోనే. ఆ కాలపు పల్లెకు అది అందలేదన్నది నిజం. అందకపోవడం కూడా ఒక కథే. బిడ్డ తన పేరు విని మొదటిసారి తల తిప్పే క్షణంలో ఏ పోరాట సన్నివేశానికీ తీసిపోని నాటకీయత ఉంది. మనం చూసిన రెండు చిత్రాల్లోనూ ఆ క్షణానికి చోటు లేదు.

మాట నేర్పడమే ఏకైక మార్గమని దీని అర్థం కాదు. సంజ్ఞాభాష సంపూర్ణమైన భాష. కొందరు పిల్లలకు అదే సహజమైన దారి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాని వాడకాన్ని కూడా ప్రోత్సహించాలంటుంది. ఏ దారైనా, బిడ్డకు భాష సకాలంలో అందాలన్నదే అసలు విషయం.

ఆలోచించండి: మీకు తెలిసిన ఒక కథలోగాని సినిమాలోగాని వినికిడి లోపమున్న పాత్రను తీసుకోండి. ఆ లోపం నవ్వు కోసం ఉందా, జాలి కోసం ఉందా, లేక ఆ మనిషి భాషను ఎలా సంపాదించుకున్నాడో రచయిత చూపాడా? ఒక పేజీలో రాయండి.