తలంబ్రాలకి ఎన్ని బిట్లు?

పెళ్లి వీడియోలో అన్నిటికంటే ఖరీదైన ఘట్టం తలంబ్రాలు. ఫొటోగ్రాఫర్ బిల్లు సంగతి కాదు, డిస్కులో అది తినేసే చోటు సంగతి చెబుతున్నాను. డీవీడీ మీద ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు. ఎంపెగ్-2 పద్ధతిలో ఒక బొమ్మని నిండుగా దాచుకుని, తరవాతి పది పన్నెండింటిలో మారిన ముక్కలు మాత్రమే రాసుకుంటారు. పురోహితుడు మంత్రం చదువుతున్నంతసేపూ ఆయన పెదవులు తప్ప పెద్దగా ఏమీ కదలవు కనక చవగ్గా తేలిపోతుంది. తలంబ్రాలు అలా కాదు, ప్రతి గింజా తన దారి తనది. బిట్లు చాలకపోతే పెళ్లికూతురి మొహంతో సహా తెరంతా గళ్లు గళ్లుగా చిట్లిపోతుంది.

వీసీడీలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అందులో బొమ్మకి సెకనుకి 1150 కిలోబిట్లు. మంత్రానికీ అంతే, తలంబ్రాలకీ అంతే. బొమ్మ కూడా 352 బై 288. మూడు డిస్కుల పెళ్లిళ్లు అలా గళ్లలోనే చూశాం. అప్పట్లో కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్ల పెట్టెలో పూతరేకుల డబ్బా పక్కన ఎవరిదో పెళ్లి డిస్కు ఉండేది.

ఇప్పుడు దారి తిరగబడింది. కువైట్‌లో ఉన్న మా బావ ఫోన్లో తీసినవన్నీ నాకు పంపుతాడు. రాజోలులో మా మేనత్త దగ్గర ఉన్నది పాత టీవీ, దాని కింద డీవీడీ ప్లేయరు. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు రెండింటికీ లేదు. "ఫోన్లో మొహాలు ఆనట్లేదురా, డిస్కు చేసిపెట్టు" అంటుంది. కొత్త టీవీ కొనుక్కోమని ఆవిడకి చెప్పి గెలిచినవాళ్లు మా ఇంటావంటా లేరు.

ఫోన్ ఫైలుని అలాగే డిస్కులోకి ఎక్కిస్తే ఆ ప్లేయరు ముట్టుకోదు. దాని చిప్‌కి వచ్చినవి ఎంపెగ్-1, ఎంపెగ్-2 మాత్రమే. అందుకే ఫైలుని ఎంపెగ్-2లోకి మార్చి, వీఓబీ ముక్కలుగా కోసి, వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌లో పేర్చాలి. మన దేశానిది పాల్ పద్ధతి కదా అని చాలామంది కళ్లు మూసుకుని సెకనుకి 25 బొమ్మలు పెట్టేస్తారు. ఫోన్ తీసేది సాధారణంగా 30. ఆరింటిలో ఒకటి ఎగిరిపోతే, కెమెరా పక్కకి తిప్పినప్పుడల్లా బొమ్మకి కుదుపు వస్తుంది. నేను రెండో పద్ధతి, ఎన్టీఎస్సీయే పెడతాను: 720 బై 480, సెకనుకి 29.97. ఇక్కడ అమ్మిన ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడతాయి.

ఇక లెక్క. డిస్కు 4.7 జీబీ, అంటే 3,760 కోట్ల బిట్లు. (కంప్యూటర్ దీన్నే 4.38 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేయలేదు, లెక్కపెట్టే తీరు వేరు.) రెండు గంటలకైతే సెకనుకి 52 లక్షల బిట్లు వస్తాయి, హాయి. మూడు గంటలకి 35 లక్షల లోపు. నాలుగు గంటలంటే 26 లక్షలు, తలంబ్రాలు మళ్లీ గళ్లే.

కనక ఉన్నదాన్ని సమంగా పంచకూడదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండు విడతల్లో చేయిస్తాను. మొదటి విడతలో అది ఏమీ వడ్డించదు. ఏ బంతిలో ఎంతమంది ఉన్నారో చూసొచ్చే వంటాయనలా ఎక్కడ కదలిక ఎక్కువో రాసుకుంటుంది. రెండో విడతలో పురోహితుడి దగ్గర మిగిల్చి తలంబ్రాలకి పోస్తుంది. నాది పెంటియం 4 కనక రాత్రి భోజనాలయ్యాక మొదలెడితే తెల్లారి కాఫీ వేళకి తేలుతుంది. స్టూడియోవాళ్లు ఒక్క విడతతో సరిపెట్టేది ఈ టైముకి భయపడే. సీజన్లో వాళ్లకి రాత్రులు మిగలవు మరి, తప్పు పట్టలేను.

బర్నింగ్ నాలుగు రెట్ల వేగంతో పదిహేను నిమిషాలు. యూపీఎస్ లేకుండా మొదలెట్టను. మధ్యలో కరెంటు పోతే డీవీడీ-ఆర్ డిస్కు మళ్లీ రాయడానికి పనికిరాదు. రాశాక ఫైనలైజ్ చేసి, వెరిఫై కూడా చేసుకోవాలి. ఖాళీ డిస్కులే కష్టంగా ఉన్నాయి. ఒకప్పుడు సినిమా వీసీడీలు 28 రూపాయలకి, డీవీడీలు 34కి అమ్మి పైరసీ వాళ్లనే బెదరగొట్టిన, ఖాళీ డిస్కులూ తయారుచేసిన మోసర్ బేర్ కంపెనీ 2018లో దివాలా తీసి మూతపడింది. అమలాపురంలో పాత స్టాకు కనిపిస్తే కట్ట కట్టే తెచ్చుకుంటున్నాను.

ఇప్పుడు చేతిలో ఉన్నది జగ్గన్నతోట ప్రభల తీర్థం. కనుమ నాడు తీసినది, రెండు గంటలకి కాస్త తక్కువ. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువలో దిగినప్పుడు నీళ్లు ఎగురుతాయి, రంగు గుడ్డలు ఊగుతాయి, వేలమంది జనం ఒకేసారి కదులుతారు. దీని ముందు తలంబ్రాలు ఎంత? చోటు ఇంకా ఉంది కదా, మనవడి బారసాల కూడా అందులోనే పడెయ్యమని అత్తయ్య కబురు పెట్టింది. కుదరదన్నాను. బారసాలకి వేరే డిస్కు.