తోలు ఒక చేయి, కూర ఒక చేయి

మేడారం జాతరలో శుక్రవారం పొద్దున నీడ దొరకడం కష్టం, మంచినీళ్లు దొరకడం ఇంకా కష్టం. రెండేళ్లకోసారి మాఘమాసంలో నాలుగు రోజులు సాగే ఈ జాతరకు బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, గురువారం చిలుకలగుట్ట దిగి సమ్మక్క గద్దెనెక్కుతుంది. ఇద్దరు తల్లులూ గద్దెల మీద ఉన్న శుక్రవారమే మొక్కుల రద్దీ. హనుమకొండలో బయల్దేరిన కుటుంబం ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టి, పస్రా, తాడ్వాయిల మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు వచ్చి, జంపన్నవాగులో మునిగి, ఎవరిదో పొలంలో చెట్టు కింద టార్పాలిన్ పరుచుకుంటుంది. వెంట ఒక యాట. అది మధ్యాహ్నానికి విస్తర్లలోకి రావాలి, మిగిలింది చెడిపోకుండా ఇల్లు చేరాలి. బల్ల లేదు, కుళాయి లేదు, ఫ్రిజ్ మాటే లేదు. ఒక చెట్టుకొమ్మ, బారెడు తాడు, మూడు కత్తులు, రెండు బిందెల నీళ్లు, వీటితో పని చక్కబెట్టే కటికాయన ఒకడు ఉన్నాడు.

హనుమకొండలో దుకాణం నడుపుకునే ఈయన జాతర రోజుల్లో షట్టర్ దించేసి, కత్తులు గోనెసంచిలో చుట్టుకుని ఇక్కడికి వస్తాడు. దుకాణంలో చూస్తే ఆయన పని సగమే కనిపిస్తుంది. అక్కడ కొక్కేలుంటాయి, పైపు నీళ్లుంటాయి, పొరపాటు జరిగినా కడుక్కోవచ్చు. పొలంలో ఆ వీలు లేదు గనుక అసలు పనితనం ఇక్కడే బయటపడుతుంది.

ఈ విద్య మొదట వేటగాళ్లది. మేడారం చుట్టూ ఉన్న ఏటూరునాగారం అడవిలో కణుజునో దుప్పినో పడగొట్టిన మనిషికి ఎదురైన చిక్కే ఇది: పెద్ద జంతువు, వేడి ఒళ్లు, నీళ్లు దూరం, ఇల్లు ఇంకా దూరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత శికారు అంటే జైలే. అది మంచిదే. వేట పోయినా విద్య పోలేదు, యాట మీద బతికింది. అమెరికాలో, ముఖ్యంగా అలాస్కాలో, ఈ పని ఇంకా మొదటి రూపంలోనే నడుస్తోంది. అక్కడి మూస్ అనే దుప్పిజాతి జంతువు ఐదారు వందల కిలోలు తూగుతుంది. దాన్ని పడిన చోటే విప్పి, తొడలు, జబ్బలు విడదీసి వీపున మోసుకు రావాలి. తినదగిన మాంసం అడవిలో వదిలేస్తే నేరం. మాంసం చివరి మోపు కదిలేదాకా కొమ్ముల్ని ముందుగా తరలించడానికి లేదు. కొమ్ముల కోసమే వేటాడి మాంసం వదిలేసేవాళ్లకు పెట్టిన కట్టడి అది. మన జాతరలో ఆ కట్టడి అవసరం పడదు. తలకాయ నుంచి కాళ్ల దాకా దేనికైనా అడిగేవాళ్లు ఇక్కడ సిద్ధంగా ఉంటారు.

పని కత్తి పట్టకముందే మొదలవుతుంది. ముందు రోజు రాత్రి నుంచి యాటకు మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టమని ఆయన ఇంటివాళ్లకు చెప్పి ఉంచుతాడు. పొట్ట ఎంత ఖాళీగా ఉంటే లోపలి పని అంత సులువు. యాటను తరిమి పట్టుకోనివ్వడు, పిల్లల్ని దాని చుట్టూ చేరనివ్వడు. బెదిరి పెనుగులాడిన జీవం కండరాల్లోని చక్కెర నిల్వలు ఖర్చయిపోతాయి. కోసిన తర్వాత కూరలో పుట్టాల్సిన పులుపు పుట్టదు. అప్పుడు కూర నల్లబడి, జిగటగా తయారై, తొందరగా పాడవుతుంది. ఈ రసాయనమంతా ఆయనకు చెప్పడం రాదు. "బెదిరిన యాట కూర నిలువదు" అంటాడు, అంతే. పసుపునీళ్లు చల్లాక యాట ఒళ్లు విదిలించేదాకా ఆగడం మొక్కులో భాగం. ఆ ఆగడం వల్ల జీవం కాస్త కుదుటపడుతుందని నాకనిపిస్తుంది, ఆయన మాత్రం అది తల్లి ఒప్పుకోలు అంటాడు. మెడ మీద కోత ఒక్కటే, ఒక్క లాగు. పళ్లెంలో పట్టిన నెత్తురు కాసేపట్లో గడ్డకట్టి నల్ల అవుతుంది, వేపుడుకు వెళ్తుంది.

వెనక కాలి మడమ పైన ఎముకకూ గట్టి నరానికీ నడుమ కత్తి మొనతో సందు చేసి, అందులోంచి తాడు దూర్చి కొమ్మకు ఎత్తుతాడు. తల కిందికి, కాళ్లు పైకి. నేల మీద పడేసి తోలు తీసేవాళ్లూ ఉంటారు, పక్క పొలంలోనే ఉన్నారు. మట్టి, గడ్డి, పేడ, అన్నీ కూరకు అంటాయి. ఈయన పద్ధతిలో నేల అసలు తగలదు. హైదరాబాద్ శివార్లలో చెంగిచర్ల దగ్గరున్న జాతీయ మాంస పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలనడిగినా మొదటి పాఠం ఇదే చెబుతారు.

తర్వాతిది నేను ఎంతసేపు చూసినా విసుగు రాని భాగం. రెండు వెనక కాళ్ల లోపలి వైపు నుంచి తోక కిందికి ఒక్కో గీత గీస్తాడు. గీతలోకి కత్తి దిగేది తోలు మందం మేరకే. కత్తి పదును పైకి ఉంటుంది, మొన తోలు కింద దూరి లోపల్నుంచి బయటికి కోస్తుంది. బయట్నుంచి లోపలికి కోస్తే వెంట్రుకలు తెగి కూర మీద రాలతాయి. లోపల్నుంచి కోస్తే వెంట్రుకలు రెండు పక్కలకూ పాయ తీసుకుంటాయి గాని తెగవు. ఈ చిన్న తేడా తెలియనివాడి కూరలో వెంట్రుక వస్తుంది, ఎంత కడిగినా పోదు.

ఇక అక్కడ్నుంచి కత్తి పని దాదాపు లేదు. కత్తి పళ్ల మధ్య పట్టుకుని, ఎడమచేత్తో తోలు అంచు లాగుతూ, కుడి పిడికిలి తోలుకూ కండకూ నడుమ దూర్చి వేళ్ల కణుపులతో నెడతాడు. కణుపులు ఎప్పుడూ తోలు వైపుకే ఒత్తుతాయి. కండ వైపుకు ఒత్తితే డొక్క మీదుండే పలచటి పొర తోలుతో పాటు లేచి వస్తుంది. ఆ పొర లేచిపోయిన కూర బయటి గాలికీ ఈగలకూ బట్టబయలు. ఆయన తీసిన యాట మీద ఆ పొర మెడ దాకా చెదరకుండా ఉంది, కాసేపట్లో గాలికి ఆరి కాగితంలా తళతళలాడింది. ముందుకాళ్ల దగ్గర తోలు గుండ్రంగా గీసి ఒక్క గుంజు గుంజితే, పిల్లవాడికి చొక్కా విప్పినట్టు రెండు కాళ్లూ బయటికొచ్చాయి. తోలు లోపలి వైపు ఒక్క కత్తిగాటు లేదు. ఒకప్పుడు కటికవాళ్ల కూలిలో తోలు కూడా లెక్కే, గాటు పడితే ధర తెగేది. ఈమధ్య మేకతోలు ధర పడిపోయింది, చాలాచోట్ల అడిగే దిక్కు లేదు. ధర పోయినా ఆయన చేతికి గాటు పెట్టడం అలవాటు కాలేదు.

ఇంతసేపూ ఆయన చేతులు గమనిస్తే ఇంకొకటి కనిపిస్తుంది. ఎడమచేయి తోలు బయటి వైపును పట్టుకుంటుంది, కూరను ముట్టదు. కుడిచేయి కూర వైపుంటుంది, బొచ్చును ముట్టదు. పోతుమేకకు కొమ్ముల వెనక వాసన గ్రంథులుంటాయి. బొచ్చు ముట్టిన చేత్తో కూర ముడితే ఆ మొగవాసన కూరకెక్కుతుంది. "పోతుకూర నీచు" అని మూతి తిప్పుకునేవాళ్లు చాలాసార్లు తప్పుపట్టాల్సింది పోతును కాదు, కోసిన చేతిని. ముక్కు మీద ఈగ వాలితే ఆయన మోచేత్తో తోలుకున్నాడు.

గాలి ఊదే పద్ధతి కూడా ఒకటుంది. కాలి దగ్గర సందు చేసి నోటితోనో సైకిల్ పంపుతోనో గాలి కొడితే తోలు తనంతట తాను విడిపోతుంది. పని సగం తగ్గుతుంది. ఈయన ఆ పని చేయడు. నోటి గాలిలో ఏముంటుందో తెలిసినవాడెవడూ చేయకూడదని నా అభిప్రాయం కూడా.

పొట్ట విప్పే ముందు రెండు ముడులు. మెడ దగ్గర శ్వాసనాళం నుంచి ఆహారనాళాన్ని విడదీసి గట్టిగా ముడేస్తాడు, లేకపోతే తల కిందికున్న యాట పొట్టలోని మేత జారి మెడ కూర మీద పడుతుంది. తోక కింద పేగు చివరను చుట్టూ కోసి, కొంచెం బయటికి లాగి దారంతో కడతాడు. రెండు కొసలూ మూసుకున్నాక లోపలున్నదేదీ కూరను తాకే దారి లేదు. అప్పుడు చేతులు కడుక్కుని, తొడల నడుమ చిన్న గాటు పెట్టి, ఎడమచేతి రెండు వేళ్లు అందులో దూర్చి, వేళ్ల సందులో కత్తి పెట్టి, పదును బయటికి ఉంచి రొమ్ము ఎముక దాకా దించుతాడు. వేళ్లు ముందు, కత్తి వెనక. పేగును వేళ్లు పక్కకు తోస్తాయి, కత్తికి పొట్ట మీది పలచటి కండ తప్ప మరేదీ అందదు. పొట్ట, పేగులు తమ బరువుకే ముందుకు ఒరుగుతాయి. వాటిని ఎడమ మోచేతి మీద ఆనించుకుని, మూత్రసంచి మెడను రెండు వేళ్లతో నొక్కిపట్టి కోసి దూరంగా పారేస్తాడు.

చివరిగా కార్జం. దాని కింద పచ్చగా వేలాడే చేదు తిత్తి పగిలితే కార్జం తినడానికి పనికిరాదు. తిత్తిని గోటితో ఊడదీసే ధైర్యవంతులున్నారు. ఈయన కార్జంలోంచి వేలెడు ముక్కను దానితో పాటే కోసి తీసేస్తాడు. ఇంటి పెద్దావిడ ఆ ముక్క పోయిందని నొచ్చుకుంది. ఆయన పట్టించుకోలేదు.

ఆవిడకు ఇంకో అనుమానం కూడా ఉంది. "నీళ్లు పోసి ఒక్కసారి కడుగు కొడుకా" అంది.

"కడిగితె ఖరాబైతది పెద్దమ్మా. ఏమన్న అంటితె గద కడుగుడు" అన్నాడు ఆయన.

ఈ మాటలోనే ఆయన పనితనమంతా ఉంది. నీళ్లు మురికిని తీసేయవు, ఒకచోటున్నదాన్ని ఒళ్లంతా పరుస్తాయి. పైగా ఆరిన పొరను తడిపి క్రిములకు చోటిస్తాయి. ఎక్కడైనా మరక పడితే ఆ ముక్కను కత్తితో చెక్కేయడమే సరైన పద్ధతి. ఆ రోజు ఒక్కచోటే చెక్కాడు, అదీ గోరంత. రెండు బిందెల్లో నీళ్లు చేతులకు, కత్తులకు, బోటికి సరిపోయి ఇంకా మిగిలాయి. పక్క పొలంలో నేల మీద కోసినవాళ్లు మూడోసారి వాగుకు నీళ్లకు పోతున్నారు.

బోటి, తలకాయ పనులు ఇంటివాళ్లకు అప్పజెప్పాడు. బోటి వేడినీళ్లలో ముంచి గీరడం ఓపికతో అయ్యేది. తలకాయ, కాళ్లు ఒకప్పుడు కట్టెమంట మీద కాల్చి గీరేవాళ్లు, ఇప్పుడు పెట్రోలు బర్నర్ వచ్చింది. పొగ వాసన కోసం కట్టెమంటే మేలని అక్కడి ముసలివాళ్లు అన్నారు. నేనూ వాళ్ల పక్షమే.

చింతమొద్దు హనుమకొండ నుంచే వచ్చింది, వ్యానులో సగం చోటు దానిదే. చింతచేవ గట్టి, కత్తి దెబ్బకు పేడులేచి కూరలో కలవదు. జబ్బను మొండెం నుంచి విడదీయడానికి ఆయన కత్తి దెబ్బ వేయలేదు, ముందుకాలికీ ఒంటికీ మధ్య ఎముక కీలు లేదు, కండే పట్టి ఉంచుతుంది, పలచగా గీస్తే చాలు. తొడ దగ్గర కీలు వెతికి, మొనతో నరం తెంపి, కాలు వెనక్కి విరిచాడు. గొడ్డలి దెబ్బలు పడేచోట బొక్క పెంకులు లేస్తాయి, పంటికింద తగిలేవి అవే.

పాతిక కిలోల యాటకు ఇంచుమించు సగం బరువు కూర తేలుతుంది. దాన్ని ఆకుల మీద ఆరు పోగులుగా వేశాడు. మొదట తొడకూర పంచాడు, తర్వాత డొక్కలు, మెడ, తర్వాత కొవ్వు, చివర కార్జం, గుండె, గుర్దాలు తలా ఒక ముక్క. త్రాసు తీయలేదు. పోగుల చుట్టూ ఒక్కసారి తిరిగి, ఒకదాంట్లోంచి ఎముక తీసి ఇంకోదాంట్లో వేశాడు. అప్పుడు ఇంటి పిల్లవాణ్ని పోగులకు వీపు పెట్టి నిలబెట్టారు. ఆయన ఒక పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవల్ది?" అంటే వాడు చూడకుండా "చిన్నమామది" అన్నాడు. ఆరు పోగులూ అలాగే తేలాయి, అన్నదమ్ముల్లో ఒక్కరూ నోరెత్తలేదు. చూపుతో ఆరు సమాన పోగులు వేయడం తోలు తీయడం కంటే కష్టమని నా నమ్మకం.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ. పొట్టలోని మేత, తోలు, పనికిరానివన్నీ పొలం గట్టున కుప్పపోసి వదిలేశాడు. మోకాటి లోతు గుంత తవ్వి పూడ్చడానికి ఎంతసేపు? అంత శుభ్రంగా పనిచేసిన చేతికి ఆ కుప్ప తగదు. జాతర ముగిశాక ఆ పొలం యజమాని ముక్కు మూసుకుని తిరగాల్సి వస్తుంది.

కూర మధ్యాహ్నమే పొయ్యెక్కింది. జీవం పోయిన కొద్ది గంటలకు కండరాలు బిగుసుకుంటాయి. ఆ లోపే ఉడికిస్తే కూర మెత్తగా ఉంటుంది, బిగుసుకున్నాక వండాలంటే ఒకటి రెండు రోజులు చల్లటి చోట వేలాడదీసి సడలనివ్వాలి. అలాస్కాలో చలి ఆ పని చేస్తుంది. మాఘమాసపు ఎండలో మనకున్న దారి మొదటిదే.

ఇంటికి తీసుకుపోవాల్సిన భాగాన్ని ఆయన ముక్కలు చేయలేదు. తొడకండను నారల వెంట చీలుస్తూ, మడత దగ్గర తెగకుండా తిప్పుతూ, ఒక్కో కండను వేలి మందం పొడవాటి పట్టీగా విప్పాడు. ఉప్పు, పసుపు పట్టించి, గుడ్డలో వదులుగా చుట్టారు. ప్లాస్టిక్ కవర్లో కట్టబోతే ఆపించాడు, వేడి తగ్గని కూర గాలాడక కవర్లో చెమర్చి గంటల్లో వాసనేస్తుంది. కూరలో మూడొంతులు నీరే, ఉప్పు దాన్ని బయటికి లాగడం దారిలోనే మొదలవుతుంది. రాత్రికి హనుమకొండ చేరాక ఆ పట్టీలు మేడ మీద దండెం మీదికెక్కుతాయి. గట్టి ఎండలు నాలుగైదు తగిలితే విరిస్తే విరిగే ఒట్టి తునకలవుతాయి. డబ్బాలో దాచితే చింతచెట్లు చిగురేసేదాకా ఆగుతాయి. ఆ చిగురు వేసి వండే కూర కోసమే పట్టీలను అంత పలచగా చీల్చానని, మందంగా ఉంటే చిగురు పులుపు లోపలికి పట్టదని కటికాయన వ్యాను ఎక్కుతూ చెప్పాడు.