కర్చీఫ్ వేసిన సీటు

సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో కరీంనగర్ బస్సు ఇంకా ఆగనే ఆగదు, కిటికీల్లోంచి కర్చీఫులు సీట్ల మీద పడిపోతాయి. సాఫ్ట్‌వేర్ తెరలు కట్టే మా పనిలోనూ ఇదే పద్ధతి. అసలు విడ్జెట్, అంటే తెర మీది బటనో గ్రాఫో, వచ్చేదాకా దాని చోట ఒక ప్లేస్‌హోల్డర్ వేసి ఉంచుతాం.

తెరలు గీసుకునే క్యూటీ డిజైనర్‌నే తీసుకోండి. మనం సొంతంగా రాసుకున్న గ్రాఫ్ సంగతి దానికి తెలియదు. అందుకని ఖాళీ విడ్జెట్‌ను లాగి అక్కడ పెట్టి, రైట్ క్లిక్ కొట్టి, ‘ప్రమోట్ టు’లో మన క్లాసు పేరు, హెడర్ ఫైలు పేరు ఇస్తాం. డిజైనర్‌లో చివరిదాకా అది ఖాళీ డబ్బాయే. బిల్డ్ చేసినప్పుడు యూఐసీ అనే క్యూటీ పనిముట్టు ఆ చోట మన క్లాసు పేరుతో కోడ్ రాసిపెడుతుంది.

చిక్కంతా కొలత దగ్గర. నాకింత చోటు కావాలని ఖాళీ విడ్జెట్ అడగదు. పక్కనున్న బటన్లు, టేబుళ్లు దర్జాగా జరిగి కూర్చుంటాయి. ప్రోగ్రామ్ నడిపాక అసలు గ్రాఫ్ వచ్చి తన సైజు హింట్ చెప్పగానే తెరంతా కదిలిపోతుంది. తెరలు కట్టే మరో సాధనం ఫ్లట్టర్‌లోని ప్లేస్‌హోల్డర్ కొంత నయం: హద్దులేవీ లేని చోట తనంతట తాను 400 బై 400 తీసుకుని, అడ్డంగా పెద్ద ఇంటూ గీసుకుని కూర్చుంటుంది. అంత వికారంగా ఉంటే ఎవరూ మరిచిపోయి కస్టమర్‌కు పంపరు. ప్లేస్‌హోల్డర్ అందంగా ఉండకూడదనే నేనంటాను.

అక్షరాల దగ్గర మా వాళ్ల అలవాటు మరీ అన్యాయం. లేబుల్‌లో ‘స్టేట్’ అని ఇంగ్లీషులో కొట్టి, దానికి సరిపోయే ఎత్తు బిగించేస్తారు. అదే చోట ‘రాష్ట్రం’ పడ్డాక కింది వత్తులు తెగిపోతాయి. క్రీ.పూ. 45 నాటి సిసిరో గ్రంథాన్ని ముక్కలు చేసి తయారుచేసిన నమూనా పాఠం లోరెమ్ ఇప్సమ్‌కు ఈ బాధ ఎక్కడ తెలుస్తుంది? సికింద్రాబాద్‌లో వాడే తెరకు ఇంకో పరీక్ష ఉంది. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష. అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి లేఅవుట్ మొత్తం తిరగబడాలి. మొదటి రోజే తిప్పి చూడనివాళ్లు డెలివరీ ముందు రాత్రి చూసుకోవాల్సి వస్తుంది.

ఖాళీ డబ్బా పెడితే దాని మినిమమ్ సైజు అప్పుడే నింపండి. లేబుల్‌లో ‘టెక్స్ట్ లేబుల్’ అని వదిలేయకండి. ‘రాష్ట్రం’ అనో, ‘సికింద్రాబాద్’ అనో కొట్టి చూడండి.