పైరు వయసుతో పాటే పాఠం

వారాంతంలో ఓ వరి మడి దగ్గర చూసింది ఈ శీర్షిక రచయితకు చాలా నచ్చింది. కొత్తగా చేరిన వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) ఒకామె గట్టు మీద ఆగకుండా మడిలోకి దిగి, దుబ్బును రెండు చేతులా విడదీసి మొదళ్లు చూసింది. సుడిదోమ చేరేది అక్కడే, నీటికి కాస్త పైన. పైరు సుడులుగా ఎండడం గట్టు మీదికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

"ఏమన్నా ఉన్నదా మేడమ్?"

"ఉన్నదన్నా. నాటేటప్పుడు బాటలు తీసుంటే మందు మొదలు దాకా పోయేది."

రెండు మీటర్లకో 20 సెంటీమీటర్ల కాలిబాట. ఆ మాట ఏఈఓలకు పెట్టే ఆన్‌లైన్ క్లాసులోనూ చెబుతారు. కానీ తెర మీద అరచేయంత కనిపించే దోమ పొలంలో నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. బురద అంటనిదే విస్తరణ పని రాదన్న ఈ రచయిత పట్టుదల పాత పాఠకులకు కొత్త కాదు.

అందుకు ఆయన చూపే సాక్ష్యం, పొలంలోనే పాఠం నేర్పే పొలంబడి. సుడిదోమ ఇండోనేసియా వరిని కుదిపేసినప్పుడు తేలిందేమిటంటే, దోమను తినే సాలీళ్లను మందులే చంపేస్తున్నాయని. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 పురుగుమందులను నిషేధించింది. 1989లో పొలంబడులు మొదలయ్యాయి. రైతుకు నేర్పబోయేవాళ్లు ముందు తామే ఒక పంటకాలం వరి పండించాలి. వారం వారం దోమలనూ సాలీళ్లనూ లెక్కపెట్టి బొమ్మ గీసుకోవాలి. మందు సంగతి ఆ తర్వాతే.

అలాగని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పిందంతా ఫలించలేదు. డేనియల్ బెనోర్ రూపొందించగా, 1970ల్లో ప్రపంచ బ్యాంకు అండతో మన దేశానికొచ్చిన శిక్షణ-సందర్శన పద్ధతి పూర్తిగా ముఖాముఖిదే. చాలాచోట్ల అది పైవాళ్ల మాటను రైతుకు అప్పజెప్పడంగా మిగిలింది. అయితే అందులో ఒక గొప్ప గుణం ఉంది: పక్షానికోసారి శిక్షణ. పిలకలప్పుడు పిలకల పాఠం, పొట్టప్పుడు పొట్ట పాఠం.

తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాల క్లస్టర్‌కు ఒక్క ఏఈఓ. పక్షానికోసారి క్లస్టర్ వదిలి శిక్షణకు పోవడం ఆమెకు కుదరదు. చేరగానే నెలలో అంతా కుక్కి పెడితే, ఎంత మంచి పొలంలో నేర్పినా, ఈనిక నాటికి సగం గుర్తుండదు. అందుకే ఇప్పుడు ఈ రచయిత అడుగుతున్నది ఆన్‌లైన్ క్లాసులు తగ్గించమని కాదు, ఏడాది పొడవునా పెట్టమని. మంగళవారం 'రైతు నేస్తం' వీడియో కార్యక్రమం కోసం రైతు వేదికల్లో తెరలు ఎలాగూ వెలుగుతున్నాయి. ఎరువుల, పురుగుమందుల డీలర్లకు మేనేజ్ సంస్థ 2003 నుంచి 48 వారాల డిప్లొమా నడుపుతోంది, సెలవురోజు పాఠాలతో, క్షేత్ర సందర్శనలతో. ప్రభుత్వ ఉద్యోగికీ ఆ పాటి వ్యవధి ఇవ్వాలి: వానాకాలం, యాసంగి రెండూ, సాగు చేయడానికి ఆమెకంటూ ఒక మడి, ఆ వారం ఆ మడిలో తీసిన ఫొటోల మీదే శాస్త్రవేత్తతో పాఠం.